తర్వాత ఎటు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం, తను కారు నడుపుతుండగా వెనక సీట్లో పాప ఏడుపు ఆగిపోవడం.

ఏడుస్తున్నంతసేపూ ఫరవాలేదు. ఏడుపంటే ఊపిరి ఆడుతున్నట్టే. గొంతు బొంగురుపోయేలా ఏడ్చినా, కాళ్ళతో సీటును టపటపా తన్నినా, స్టీరింగు మీద ఆమె చేతులు వదులుగానే ఉంటాయి. ఉన్నట్టుండి సద్దు మణిగిందంటే మాత్రం ప్రశ్నలు మొదలవుతాయి. నిద్రపోయిందా? నోట్లో ఏదైనా పెట్టుకుందా? బెల్టు మెడకు పడిందా? తల వెనక్కి తిరిగిపోతుంది. తలతోపాటు చేతులూ, చేతులతోపాటు కారూ.

ఆ గురువారం కూరగాయల బజారు దగ్గర అలాగే తిరిగింది. చెత్తడబ్బాకు వేలెడు దూరంలో ఆగింది. పక్క సీట్లో ఉన్న మామగారు అరవలేదు. హ్యాండ్‌బ్రేకు లాగి, కిటికీలోంచి చెత్తడబ్బాను తీరిగ్గా పరామర్శించి, "అందరూ ముందుకు చూస్తూ బండిని ముందుకు పోనివ్వడం నేర్చుకుంటారు. నువ్వు వెనక్కి చూస్తూ ముందుకు పోనిస్తున్నావు. కొత్త విద్యమ్మాయ్, నాకూ నేర్పు," అన్నారు.

వెనక సీట్లో పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది. అంతే.

"నావల్ల కాదు మామయ్యా. మీ అబ్బాయితో చెప్పేయండి. దీన్ని క్రెష్‌కి బస్సులోనే తీసుకెళ్తాను."

"బస్సు డ్రైవరుకి మాత్రం మెడ ఉండదా? అతనూ వెనక్కి తిరిగితే?"

ఆమెకు నవ్వు రాలేదు. ఆ సంగతి ఇంతవరకూ తట్టనందుకు కొత్త దిగులు పట్టుకుంది.

"ఆదివారం మా క్లబ్బుకు రా," అన్నారాయన. "అక్కడ నీ వెనక ఎవరూ ఉండరు. చుట్టూ కోన్లు తప్ప ఏమీ ఉండవు. గుద్దినా ఏడవవు, కేసు పెట్టవు."

ఆయన బడి వ్యాను డ్రైవరు. వారమంతా వీధుల్లో పాతిక కిలోమీటర్ల వేగం దాటని మనిషి ఆదివారం వస్తే వేరే అవతారం ఎత్తుతారు. మూతబడ్డ బట్టల మిల్లు వెనక, ఒకప్పుడు లారీలు తిరిగిన సిమెంటు మైదానంలో, కార్ల క్లబ్బువాళ్ళు రోడ్డుపనుల దగ్గర పెట్టే నారింజరంగు కోన్లతో వంకరటింకర దారి ఒకటి వేస్తారు. ఒక్కొక్కరే తమ కారులో ఆ దారిని ఎంత తొందరగా తిరిగి వస్తారన్నదే ఆట. దాన్ని ఆటోక్రాస్ అంటారు. పక్కన ఇంకో కారు ఉండదు, పందెం గడియారంతోనే. కోన్‌ని పడగొడితే సెకన్లు కలుపుతారు. దారి తప్పితే ఆ పరుగు పరుగే కాదు. ఇంట్లో అలమరలో, పాప పాలసీసాల వెనక, ఆయన గెలిచిన కప్పులు దుమ్ము పట్టి ఉన్నాయి.

ఇంటికి వస్తూ ఆమె కుడిచేతి వీధిలోకి తిప్పింది.

"ఇటెందుకు తిప్పావు?" అన్నారాయన.

"మన వీధే కదా మామయ్యా."

ఆయన ఒక క్షణం ఇళ్ళ వంక చూశారు. "అవును మరి. నువ్వు చూసుకుంటున్నావో లేదోనని," అన్నారు.

మర్నాడు పొద్దున ఆమె, పాప క్రెష్‌కి మామగారి వ్యానులోనే వెళ్ళారు. ఈమధ్య అత్తగారు కూడా వ్యానెక్కుతోంది. పిల్లల్ని ఎక్కించి దించడానికట. ఆ పని తక్కువ, మాటలు ఎక్కువ. ముందు సీట్లో, ఆయన పక్కన కూర్చుని, వీధి వీధికీ ఒక కబురు.

"చూశారా, మందుల షాపతను గోడకు నీలం రంగు కొట్టించాడు. అదిగో, ఎడంపక్క. కంటికి కొడుతోంది... ఈ కుట్టుమిషనావిడ గేటు తీసే ఉంచింది చూడండి, ఇక్కడే, కుడిచేతికి. పిల్లను ఎప్పుడూ ఆలస్యంగానే పంపిస్తుంది... ఆ ఎండిన చెట్టు ఇంకా కొట్టలేదేం, దాని పక్కసందులోనే కదూ కవల పిల్లలు..."

వెనక పిల్లల గోల, ముందు ఈ గోల. ఈవిడ నోటికి మూత లేదు అనుకుంది ఆమె. ఆయన మాత్రం విసుక్కోలేదు. ఊ కొడుతూ, ఆవిడ చూపించిన వైపల్లా స్టీరింగు తిప్పారు.

శనివారం సాయంత్రం కారు ఖాళీ చేశారు. లోపల కదిలే వస్తువు ఒక్కటి ఉన్నా తనిఖీలో వెనక్కి పంపేస్తారట. మలుపులో అది ఎగిరివచ్చి పెడళ్ళ కింద దూరుతుంది. సీట్ల కింద నుంచి గిలక్కాయ వచ్చింది, ఒంటి మేజోడు వచ్చింది, రాయిలా బిగిసిన బిస్కెట్టు ముక్క వచ్చింది. పాప సీటు పట్టీలు ఆమే విప్పింది. సీటు తీసేశాక దాని కింద మెత్త మీద నాలుగు గుంటలు మిగిలాయి. అరచేత్తో రుద్దింది. పోలేదు.

మామగారు చక్రాల బోల్టులు బిగిస్తున్నారు. "పక్కపక్కవి బిగించకూడదు. ఒకటి బిగించి దాని ఎదురుది. నక్షత్రం ముగ్గు వేసినట్టు. అప్పుడే చక్రం సమంగా కూర్చుంటుంది." పానా చివర అరచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా మోపి, చివర్లో చిన్న కుదుపు. ముందు చక్రం అయ్యాక లేచి, గుడ్డతో చేతులు తుడుచుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి మళ్ళీ అదే చక్రం ముందు కూర్చున్నారు.

"అది అయింది మామయ్యా."

"రెండుసార్లు బిగిస్తే ఊడిపోతుందా?" అని నవ్వారు.

మళ్ళీ లేచారు. చేతులు తుడుచుకున్నారు. మళ్ళీ అక్కడికే వచ్చారు. ఈసారి ఆమె ఆయన ముగించేదాకా ఆగి, పానా అందుకుని, వెనక చక్రాలు తనే బిగించింది. ఎదురెదురుగా, నక్షత్రంలా.

భర్త నూనె మిల్లు డ్యూటీకి బూట్లు కట్టుకుంటున్నప్పుడు చెప్పింది. "మామయ్య ఒకే చక్రం మూడుసార్లు బిగించారండీ."

"మంచిదేగా. గట్టిగా ఉంటుంది."

"మొన్న మన వీధి గుర్తుపట్టలేదు."

అతను తల ఎత్తి చూశాడు. కోపం లేదు, బుజ్జగించే నవ్వు. అది ఆమెకు కోపం కంటే కష్టం. "పాప తుమ్మితే ఆసుపత్రికి పరిగెత్తావు. గ్యాసు కట్టేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కొచ్చావు. ఇప్పుడు నాన్న వంతా? నువ్వు తాడును చూసి పామనుకునే మనిషివి."

"ఒక్కోసారి అది పామే అయితే?"

"అప్పుడు చూద్దాంలే," అన్నాడు, రెండో బూటు ముడి వేస్తూ.

ఆదివారం మైదానమంతా నారింజరంగు. కారు తలుపు మీద కాగితపు టేపుతో అంకె అంటించారు. క్లబ్బు కార్యదర్శికి టైర్ల షాపు ఉంది. అందరూ టైర్లాయన అనే పిలుస్తారు. ఆయన కారును ముక్కు నుంచి తోక దాకా తడిమి, బ్యాటరీని ఊపి చూసి, సీట్ల కింద చెయ్యి పెట్టి, "శుభ్రంగా ఉంది. బాబాయ్ కోడలంటే మాటలా!" అన్నాడు. క్లబ్బులో మామగారు అందరికీ బాబాయే. ఆమెకు హెల్మెట్ ఒకటి ఇచ్చారు. లోపల ఎవరిదో చెమట వాసన.

ముందు దారంతా నడిచి చూసుకోవాలి. అది ఇక్కడి పద్ధతి. కారులో కూర్చున్నాక కోన్లన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి, దారి కనపడదు. ఏ రెండు కోన్ల మధ్య నుంచి దూరాలో ముందే తలలో ఎక్కించుకోవాలి. నిలబెట్టినవి గేట్లు. వాటి పక్కన పడుకోబెట్టిన కోన్ ఒకటి ఉంటే, దాని మొన ఎటు ఉందో అటు వెళ్ళాలి.

"కాళ్ళతో చదువు," అన్నారు మామగారు. "చెప్పు, ఇక్కడి నుంచి?"

"తిన్నగా వెళ్ళి కుడి."

"తర్వాత ఎటు?"

"వంకీలు వంకీలుగా కోన్ల మధ్య నుంచి. మొదటిదానికి ఎడంపక్క."

"తర్వాత ఎటు?"

బడి మానేసి ఎన్నేళ్ళో అయింది. ఇన్నాళ్ళకు మళ్ళీ ఎవరో తనను ప్రశ్న అడుగుతున్నారు, తను జవాబు చెబుతోంది, జవాబు తప్పు కావడం లేదు. ఆమెకు ఒళ్ళు తేలికపడింది. రెండోసారి నడిచారు. మళ్ళీ అవే ప్రశ్నలు. మూడోసారి అందరూ వెళ్ళిపోయాక కూడా ఆయన ఇంకొకసారి నడుద్దామన్నారు. "తర్వాత ఎటు?" అని అడిగి, ఆమె చెప్పినప్పుడల్లా పెదాలు కదుపుతూ మళ్ళీ అనుకుంటున్నారు.

మొదటి పరుగులో కొత్తవాళ్ళ పక్కన పాతవాళ్ళు కూర్చోవాలి. ఆయన కూర్చున్నారు. జెండా పడింది. ఆమె కారును ఉరికించింది, కుడికి తిప్పింది, వంకీల్లోకి దిగింది. కళ్ళు రెండుసార్లు అద్దంలోకి పోయాయి. ఖాళీ సీటు. పెద్ద మలుపు దగ్గర పడుకున్న కోన్ మొన కుడికి ఉంది. ఆమె చూసింది. చేతులు కుడికి మొదలయ్యాయి.

"ఎడమ! ఎడమ!" అన్నారు మామగారు.

ఆమె ఎడమకు తిప్పింది.

ఎదురుగా ఉత్త సిమెంటు. గేట్లు లేవు, కోన్లు లేవు. మైకులో టైర్లాయన గొంతు: "దారి తప్పింది! ఫరవాలేదమ్మా, మైదానం దాటలేదు, అదే చాలు!" అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. కారు వెనక్కి తెచ్చి ఆపాక టైర్లాయన కిటికీ దగ్గరికి వచ్చి, "ఏం బాబాయ్, కోడలికి కుడీ ఎడమా నేర్పలేదా?" అన్నాడు.

"కొత్త కదా, నేర్చుకుంటుంది," అన్నారు మామగారు.

ఆమె ఆయన ముఖం వంక చూసింది. అబద్ధం ఆడుతున్న ముఖం కాదు. ఆమే తప్పు తిప్పిందని ఆయన నిజంగానే అనుకుంటున్నారు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది.

రెండో పరుగు ఒంటరిగా. పక్క సీటు ఖాళీ, వెనక సీటు ఖాళీ. ఏం జరిగిందో ఆమెకూ సరిగ్గా తెలియదు. ఒక కోన్ దగ్గరపడేలోపే కళ్ళు తర్వాతి కోన్‌ని వెతుక్కున్నాయి, కళ్ళ వెనకే చేతులు వెళ్ళాయి. మెడ తిరగలేదు. పెద్ద మలుపు దగ్గర కుడికి తిప్పింది. గేటు నోరు తెరుచుకుని ఎదురుగా ఉంది. ఆఖరి గీత దాటి బ్రేకు వేశాక, ఇంతసేపూ పాప గురించి అనుకోలేదని గుర్తొచ్చింది. సంతోషమో తప్పు చేసిన భావమో తేల్చుకోలేక, హెల్మెట్ తియ్యకుండానే లోపల కాస్త ఏడ్చింది.

తర్వాత వంతు మారింది. ఆ క్లబ్బులో పనివాళ్ళు లేరు, నడిపేవాళ్ళే పనివాళ్ళు. సగంమంది నడుపుతుంటే మిగతా సగం మైదానంలో నిలబడి పడ్డ కోన్లు ఎత్తాలి. ప్రతి కోన్ చుట్టూ సుద్దతో చదరం గీసి ఉంటుంది; పడిన కోన్‌ని పరిగెత్తి తెచ్చి ఆ చదరంలోనే నిలబెట్టాలి. ఆమెను, పళ్ళ డాక్టరు ఒకాయనను పెద్ద మలుపు దగ్గర ఉంచారు. చేతికి ఎర్రజెండా ఇచ్చారు. ప్రమాదం అనిపిస్తే ఎత్తాలి. ఎత్తితే ఎంతటివాడైనా ఉన్నచోట ఆగాలి, ఎందుకని అడగకూడదు.

"నా దగ్గరికి వచ్చేవాళ్ళు నోరు తెరిచి ఏడుస్తారు," అన్నాడు పళ్ళ డాక్టరు, కోన్ ఎత్తి వస్తూ. "వీళ్ళు నోరు తెరిచి నవ్వుతూ వస్తున్నారు. అందుకే ఆదివారం ఇక్కడికి వస్తాను."

మామగారి వంతు వచ్చింది. అదే కారు, అదే అంకె. మొదటి కుడి మలుపు ఆయన తిప్పిన తీరుకు పళ్ళ డాక్టరు ఈల వేశాడు. వంకీల్లో కారు నీళ్ళలో చేపలా పోయింది. పెద్ద మలుపు దగ్గరికి వస్తూనే వేగం తగ్గింది. కారు తడుముకుంటున్నట్టు ఒక క్షణం ఇటూ అటూ ఊగింది. పడుకున్న కోన్ కుడికి చూపిస్తూనే ఉంది. కారు ఒక్కసారిగా గర్జించి, కుడికీ ఎడమకూ కాక, తిన్నగా దూసుకుపోయింది.

తిన్నగా అంటే లారీలకు సరుకు ఎక్కించే పాత అరుగు. దాని నీడలో, ఆట చూడ్డానికి వచ్చిన ఇళ్ళవాళ్ళు కూర్చుని ఉన్నారు. అత్తగారి ఒళ్ళో పాప ఉంది.

ఆమె జెండా ఎత్తింది. అరిచిందో లేదో తెలియదు. రెండు చేతులతో ఎత్తింది.

టైర్లు కీచుమన్నాయి. కారు ఆగింది. అరుగుకు ఇంకా చాలా దూరం ఉంది. ఆ దూరం చూసి జనం నవ్వారు. "జెండా చేతికిస్తే ఊపాలనిపిస్తుంది మరి!" అని మైకు. "బాబాయ్, తప్పు మాది. మళ్ళీ మొదటి నుంచి పోనీ."

ఆమె కారు దగ్గరికి పరిగెత్తింది. కిటికీలోంచి మామగారు చూస్తున్నారు. కోపం లేదు. బజారులో చెయ్యి జారిన పిల్లవాడి ముఖం అది. ఎవరిని పిలవాలో తెలియక, ఏడుపు ఇంకా మొదలుకాని ముఖం. మరుక్షణం సర్దుకున్నారు. "కోడలు భయపడిందయ్యా," అని అందరికీ వినిపించేలా అన్నారు. "దానికి అన్నీ భయమే."

మళ్ళీ నవ్వులు. ఆయన కారును మొదటి గీత దగ్గరికి తీసుకెళ్ళారు. ఇంతలో అత్తగారు పాపను చంకనేసుకుని ఆపసోపాలు పడుతూ మైదానానికి అడ్డంపడి వచ్చింది.

"నేను కూర్చుంటాను ఆయన పక్కన," అంది టైర్లాయనతో.

"పిన్నీ, మీరా!" అన్నాడతను. "హెల్మెట్ పెట్టుకుంటే ఎవరైనా కూర్చోవచ్చు. కొప్పు పడుతుందా మరి?"

అత్తగారు నవ్వలేదు. కోడలి మణికట్టు పట్టుకుని పక్కకు లాగింది. "ఎటు తిప్పాలో చెప్పు నాకు. తొందరగా. మొదట కుడా, ఎడమా?"

"మీకెందుకత్తయ్యా ఇప్పుడు?"

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయే ఈ కోన్లు," అంది అత్తగారు, గొంతు తగ్గించి. "ఇక్కడ మందుల షాపు లేదు. కుట్టుమిషనావిడ గేటు లేదు. దేన్ని చూపించి చెప్పను ఆయనకి?"

ఆమె అత్తగారి ముఖం వంక చూస్తూ ఉండిపోయింది. నీలం రంగు గోడ, తెరిచిన గేటు, ఎండిన చెట్టు. ఎడంపక్క, కుడిచేతికి, దాని పక్కసందు. నోటికి మూత లేదనుకుంది తను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"డాక్టరుకు చూపిస్తే పేరు పెడతాడు. పేరు పెట్టి పిలిస్తే ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. నాకొద్దు," అంది అత్తగారు. "చెప్పవే, కుడా ఎడమా?"

ఆమె జెండా పళ్ళ డాక్టరుకు ఇచ్చింది. టైర్లాయన చేతిలోంచి హెల్మెట్ తీసుకుని తను పెట్టుకుంది. పక్క సీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంది. జెండా పడింది.

"తిన్నగా. ఇప్పుడు కుడి," అంది. "వంకీలు. ఎడంపక్క నుంచి. బాగుంది. పెద్ద మలుపు వస్తోంది, కుడి. కుడి మామయ్యా. ఇప్పుడు వదిలేయండి, తిన్నగా."

ఒక్కో మాట ఒక్కో గేటు ముందుగా చెప్పింది. ఆయన చేతులకు చెప్పడమే ఆలస్యం. స్టీరింగును పట్టుకోవడం లేదాయన, నిమురుతున్నారు. కారు బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు, నిద్రపోతున్న బిడ్డను భుజం మార్చుకున్నట్టు, మెత్తగా మారుతోంది. ఒక్క కోన్ కదలలేదు. గీత దాటాక మైకు పూనకం వచ్చినట్టు అరిచింది. ఆ రోజుకు అదే అందరికంటే మంచి పరుగు. మైదానమంతా చప్పట్లు.

ఆయన ముఖం వెలిగిపోతోంది. హెల్మెట్ అద్దం పైకెత్తి ఆమె వైపు తిరిగారు.

"రేపు వ్యానులో కూడా ఇలాగే కూర్చోకూడదూ? మీ అత్తకు చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది."

అంటే ఆయనకు తెలుసు. ఆవిడ కబుర్లు కబుర్లు కావని ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

సరే అనడం ఎంత సులువు! దారి ఆమెకు వచ్చు. గొంతు అత్తగారి కంటే స్పష్టం. ఇంట్లో ఎవరికీ చెప్పనక్కరలేదు, ఎవరూ నవ్వరు, ఆయన పనికి వేసుకెళ్ళే చొక్కా రోజూ ఇస్త్రీ అవుతూనే ఉంటుంది. ఆమె ఎదురుగా ఉన్న కోన్ల వంక చూసింది. కోన్ కదలదు. ఒక గేటు ముందుగా చెప్పడానికి అది అక్కడే ఉంటుంది. ఇక్కడ, వీధిలోలా బంతి వెనక పరిగెత్తుకొచ్చే పిల్ల ఉండదు.

"కూర్చోను మామయ్యా," అంది.

ఆయన అర్థంకానట్టు చూశారు. తర్వాత అర్థమైంది. వెలుగు ముఖంలోంచి ఒకేసారి పోలేదు; పెదాల దగ్గర కాస్తసేపు మిగిలి, తర్వాత పోయింది. వెనక కారు హారన్ కొట్టింది.

"అయితే నువ్వే పోనీ," అన్నారు. తలుపు తీసుకుని దిగి, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చారు. "బయటికి ఎటో నాకు..."

మైదానం గేటు ఎదురుగా, బార్లా తెరిచి, కనిపిస్తూనే ఉంది.

ఆ సాయంత్రం, మామయ్య ఇక వ్యాను నడపకూడదని ఆమె చెప్పగానే భర్త గొంతు మొదటిసారి లేచింది. "నీ భయం తెచ్చి నాన్న నెత్తిన రుద్దావు! నలభై ఏళ్ళుగా నడుపుతున్న మనిషిని, నిన్నగాక మొన్న స్టీరింగు పట్టుకున్నదానివి, నువ్వు ఆపుతావా?" ఆమె పాపకు అన్నం పెడుతూ విన్నది. అత్తగారు గిన్నెలు తోముతూ విన్నది. మామగారు అప్పటికే పడుకున్నారు. పాప నోరు తెరిచి, అందరి ముఖాలూ చూసి, మళ్ళీ మూసేసింది.

సోమవారం పొద్దున్న మామగారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలో కూర్చున్నారు. వ్యాను తాళం అరచేతిలో ఉంది. లేవలేదు.

"టైమవుతోంది నాన్నా. లేవండి," అన్నాడు భర్త. ఆమె వైపు చూసి మరీ అన్నాడు.

"ఎటు?" అన్నారు మామగారు.

"ఎటేమిటి? బడికి."

"బడి తెలుసురా. ముందు ఎవరింటికి?"

కొడుక్కి తెలియదు. ఆ అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. తల్లి వైపు చూశాడు. అత్తగారు నోరు తెరిచింది. మందుల షాపు, నీలం గోడ, అన్నీ ఆ నోట్లోనే ఉన్నాయి. ఆవిడ కోడలి వైపు ఒకసారి చూసి, నోరు మూసుకుంది.

భర్త తండ్రి ముందు కింద కూర్చున్నాడు. "నాన్నా," అన్నాడు. "మన వీధి పేరేంటి నాన్నా?" ఆయన నవ్వారు, పెద్దవాళ్ళు పిల్లల పొడుపుకథకు నవ్వినట్టు. ఆ తాళం ఆయన చేతిలోంచి ఎవరూ లాక్కోలేదు. ఆయనే కుర్చీ చేతి మీద పెట్టారు. అది జారి కింద పడింది.

పిల్లలు గుమ్మాల్లో ఎదురుచూస్తూ ఉంటారు. ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి. అత్తాకోడళ్ళు ఇద్దరూ బయల్దేరారు. అత్తగారికి ఇళ్ళు తెలుసు. దారిలో ఒక్క మాట లేదు. నీలం గోడ దాటుతున్నప్పుడు కూడా లేదు. ప్రతి గుమ్మం దగ్గరా అత్తగారు, "ఆయనకి జ్వరం," అని చెప్పింది. "అయ్యో, తగ్గేదాకా రెస్టు తీసుకోమనండి," అన్నారు వాళ్ళు. కవల పిల్లల తల్లి లోపలికి వెళ్ళి మాత్ర తెచ్చి చేతిలో పెట్టింది. అత్తగారు దాన్ని గుప్పిట్లో పట్టుకుని నడిచింది.

కుట్టుమిషనావిడ గేటు తీసే ఉంది. బడిసంచీ తగిలించుకుని పిల్ల గడప మీద కూర్చుని ఉంది.

"జ్వరమా! ఎప్పటికి తగ్గుతుందంటారు?" అంది కుట్టుమిషనావిడ, మెడలో కొలతల టేపుతోనే బయటికి వస్తూ. "తాతకు టాటా చెప్పకపోతే దీనికి బడికి వెళ్ళినట్టే ఉండదు."

అత్తగారు కోడలి వంక చూసింది. ఆ చూపులో నిన్నటి నుంచీ ఉన్న కోపం లేదు. ఆవిడ అలిసిపోయింది.

"ఇక రారండి," అంది ఆమె. "మా మామయ్యకి దారి గుర్తుండటం లేదు."

చెప్పేసింది. పిల్ల లేచి నిలబడి, "నాకు తెలుసుగా దారి. నేను చెప్తా తాతకి," అంది. అత్తగారు అక్కడే, ఆ గడప మీదే, పిల్ల లేచిన చోట కూలబడింది. ఏడుపు చప్పుడు లేకుండా వచ్చింది, భుజాలు మాత్రమే కదిలాయి. కుట్టుమిషనావిడ మంచినీళ్ళు తెచ్చింది. కోడలు పక్కన కూర్చుని అత్తగారి వీపు మీద చెయ్యి వేసింది. ఆవిడ తోసెయ్యలేదు.

ఇప్పుడు ఆ వ్యాను వేరే అతను నడుపుతున్నాడు. కారు ఆమెదే అయింది. ఆదివారాలు ఒంటరిగా వెళ్ళి వస్తోంది. బాగా నడుపుతుందని అంటారు. ఇంటికొచ్చి ఎలా నడిపిందో చెబితే మామగారు శ్రద్ధగా వింటారు, చేతులు గాలిలో తిప్పుతారు. డాక్టరు పేరు పెట్టాడు. ఆ పేరును ఇంట్లో ఎవరూ పలకరు.

బడి వదిలే వేళకు మాత్రం ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మూలమలుపు దాకా నడిచి వస్తారు. వ్యాను వెళ్తుంటే పిల్లలు చేతులూపుతారు, ఆయనా ఊపుతారు. వ్యాను వెళ్ళిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడతారు. అటు మూడు వీధులు, ఇటు ఒకటి. ఇంట్లోంచి ఎవరో ఒకరు వస్తారు. కానీ పాపతో, పనితో, ఒక్కోసారి ఆలస్యమవుతుంది. మీ వీధి మూలన కూడా ఆ వేళకు ఇస్త్రీ చొక్కాలో ఒక పెద్దాయన అలా నిలబడి కనిపిస్తే, ఒక్క నిమిషం ఆగండి. దారి అడగకండి. ఎండ గురించో, ట్రాఫిక్ గురించో ఏదో ఒకటి మాట్లాడండి. ఆయన ఎటు తిరిగారో చూసి, అప్పుడు వెళ్ళండి.